ఒక్క మాట, 46 లక్షల జవాబులు

పోర్చుగీసు ఓడల్లో వచ్చి ఇంగ్లీషులో స్థిరపడిన 'క్యాస్ట్' అనే పదం దేనికి పేరు? వర్ణానికా, జాతికా, కులానికా? తేలని ఈ ప్రశ్న కోర్టులను, చట్టసభలను, జనగణన సిబ్బందిని ఇప్పటికీ తికమక పెడుతూనే ఉంది.

2021లో సుప్రీంకోర్టుకు కేంద్రం సమర్పించిన అఫిడవిట్‌లో విచిత్రమైన లెక్క ఒకటుంది. 1931 జనాభా లెక్కల్లో నమోదైన కులాలు 4,147. సరిగ్గా 80 ఏళ్ల తర్వాత, 2011లో మొదలైన సామాజిక, ఆర్థిక, కుల గణనలో పోగుపడిన పేర్లు 46 లక్షలకు పైనే. ఈ మధ్యకాలంలో దేశంలో లక్షలాది కొత్త కులాలేవీ పుట్టుకురాలేదు. గడప దగ్గర అడిగిన ప్రశ్నకు ఒకరు కులం చెప్పారు, మరొకరు ఉపకులం చెప్పారు, ఇంకొకరు గోత్రమో ఇంటిపేరో చెప్పారు. ఒకే పేరును సిబ్బంది రకరకాల స్పెల్లింగులతో రాసుకున్నారు. ఆ వివరాలు వాడకానికి పనికిరావని కేంద్రం తేల్చేసింది.

తప్పంతా లెక్కించిన తీరులోదే అనుకుంటే పొరపాటు. కొంత తప్పు మాటలోనే ఉంది. వేర్వేరు సంగతులను ఒకే గాటన కట్టే ఆ మాట 'క్యాస్ట్'.

అది ఈ గడ్డ మీద పుట్టిన పదం కాదు. స్పానిష్, పోర్చుగీసు భాషల్లో 'కాస్తా' అంటే వంశం, సంతతి, రకం. మనుషులకే కాదు, పశువులకూ మొక్కలకూ ఆ మాట వాడేవారు. స్వచ్ఛమైనది అనే అర్థమిచ్చే లాటిన్ పదం 'కాస్టుస్' దీనికి మూలమని చాలా నిఘంటువులు చెబుతాయి. కాదు, జర్మానిక్ మూలముందని వాదించే భాషావేత్తలూ ఉన్నారు. 16వ శతాబ్దంలో పశ్చిమ తీరానికి వచ్చిన పోర్చుగీసువారికి తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే, ఇతరుల ఇంట భోజనం చేయని సమూహాలు కనిపించాయి. వాటికి వారు తమకు తెలిసిన పేరే పెట్టేశారు. గోవాలో స్థిరపడిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో అచ్చయిన తన గ్రంథంలో, ఇక్కడివారు తండ్రి వృత్తిని వదిలిపెట్టరని చెబుతూ ఈ పదమే వాడాడు.

అదే పదం అట్లాంటిక్ దాటి మరో అర్థం తెచ్చుకుంది. స్పెయిన్ ఏలుబడిలోని అమెరికా ఖండ ప్రాంతాల్లో 'కాస్తాలు' అంటే మిశ్రమ సంతతి జనం. 18వ శతాబ్దంలో మెక్సికో చిత్రకారులు ఒక జాతి తండ్రిని, మరో జాతి తల్లిని, వారి బిడ్డను గీసి, ఆ బిడ్డ ఏ రకం కిందికి వస్తాడో పక్కనే రాసేవారు. ఇలాంటి బొమ్మలు సాధారణంగా 16 కలిపి ఒక వరుసగా ఉండేవి. అంటే, భారత్‌లో కలవకుండా ఉన్నవారికి, మెక్సికోలో కలిసిపోయినవారికి ఒకటే పేరు!

ఇంగ్లీషులోకి వచ్చాక ఇంకో చిక్కు. విసరడం, పోత పోయడం అనే అర్థాలున్న 'కాస్ట్' అనే మాట ఇంగ్లీషులో అప్పటికే ఉంది. సినిమా తారాగణానికి వాడేదీ అదే. చాలాకాలం రెండు పదాలకూ ఒకే స్పెల్లింగు. ఫ్రెంచి పద్ధతిలో చివర 'ఇ' అక్షరం చేరి, కులం అనే అర్థం విడిగా నిలబడింది సుమారు 1800 తర్వాతే. వెలి వేయబడినవాడు అనే అర్థంలో 'అవుట్‌కాస్ట్' అనే పాత ఇంగ్లీషు మాట భారత్‌తో పరిచయానికి ఎంతో ముందునుంచే ఉంది. కులం తప్పినవాడు, కులవ్యవస్థ వెలుపలివాడు అనే అర్థంలో, చివర 'ఇ' చేర్చిన మరో 'అవుట్‌కాస్ట్' తర్వాత వచ్చింది. వినడానికి రెండూ ఒకటే. పుట్టుక మాత్రం వేరు.

కీటక శాస్త్రవేత్తలు కూడా ఈ పదాన్ని అరువు తీసుకున్నారు. తేనెటీగల్లో రాణి, కూలి ఈగలు వేర్వేరు 'క్యాస్ట్‌లు'. తమాషా ఏమిటంటే అక్కడ పుట్టుక గీత గీయదు. ఒకే రకం ఆడ గుడ్డు నుంచి వచ్చిన పురుగు ఏమి తిని పెరిగిందన్న దాన్నిబట్టే అది రాణి అవుతుందో, కూలి అవుతుందో తేలుతుంది.

ఇక మన భాషల సంగతి. గ్రంథాల్లో చెప్పే వర్ణాలు నాలుగు. వాస్తవ జీవితంలో పెళ్లి సంబంధాన్ని, ఊళ్లో ఇంటి చోటును నిర్ణయించే జాతులు వేలల్లో ఉన్నాయి. ఈ రెంటినీ ఇంగ్లీషు పదం ఒకే బుట్టలో వేసింది. సంస్కృతంలో కుటుంబం, వంశం అనే అర్థమున్న 'కుల' తెలుగులో క్యాస్ట్‌కు సమానార్థకమై కూర్చుంది. 'జాతి' ప్రయాణం ఇంకా చిత్రం. తెలుగులో జాతీయ రహదారి, జాతీయ గీతం అంటాం. హిందీ పత్రికలో 'జాతీయ జనగణన' అని కనిపిస్తే దానర్థం దేశవ్యాప్త గణన కాదు, కుల గణన. బీహార్‌లో 2023లో జరిగిన గణన గురించిన హిందీ శీర్షికలను తెలుగులా చదువుకుంటే అర్థం తలకిందులైనట్టే.

ఇదంతా పండితుల కాలక్షేపంగా మిగిలిపోలేదు. 1901 జనాభా లెక్కల్లో హెచ్.హెచ్. రిస్లీ కులాలకు సామాజిక హోదాను బట్టి వరస కట్టబోతే, తమ స్థానం పైకి జరపాలంటూ అర్జీలు వెల్లువెత్తాయి. పేరును కాగితం మీద ఎక్కించగానే దాని మీద పోటీ మొదలైంది.

స్వతంత్ర భారతంలోనూ పేచీ తీరలేదు. ఎస్సీలోని 'సి' క్యాస్ట్‌కు సంకేతం, బీసీలోని 'సి' క్లాస్‌కు సంకేతం. రాజ్యాంగం 15వ అధికరణ కులం పేరిట వివక్షను నిషేధించింది. 1951 తొలి సవరణ ప్రత్యేక సదుపాయాలకు వీలు కల్పించిన వాటిలో ఉన్నవి సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన 'తరగతులు'. మరి తరగతిని కులంతో కొలవవచ్చా? కులమొక్కటే కొలబద్ద కాకూడదని 1962లో బాలాజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కులం కూడా ఒక సామాజిక తరగతి కాగలదని 1992లో మండల్ తీర్పులో స్పష్టం చేసింది. ఈ రెండు మాటల మధ్య దూరం మీద కోట్లమంది చదువులు, ఉద్యోగాలు ఆధారపడ్డాయి.

ఇప్పుడా పదం భారతీయుల వెంటే సముద్రాలు దాటుతోంది. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం కులవివక్షను పేరుపెట్టి నిషేధించింది. అదే ఏడాది అక్టోబర్‌లో కాలిఫోర్నియా గవర్నర్ అలాంటి బిల్లునే తిప్పికొట్టారు. వంశం ఆధారంగా వివక్షను ఉన్న చట్టాలే నిషేధిస్తున్నాయన్నది ఆయన వాదన. బ్రిటన్ ప్రభుత్వం కూడా 2018లో సమానత్వ చట్టంలో ఆ పదం చేర్చకుండానే సరిపెట్టింది. పేరెత్తితే ఒక సమాజం మీద ముద్ర పడుతుందని వ్యతిరేకుల భయం. పేరెత్తకపోతే జరిగిన అన్యాయం కోర్టుకు కనిపించదని సమర్థకుల భయం.

2025 ఏప్రిల్ 30న కేంద్ర మంత్రివర్గ రాజకీయ వ్యవహారాల కమిటీ వచ్చే జనగణనలోనే కులాన్ని చేర్చాలని నిర్ణయించింది. దానికి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. బీహార్ తన గణనలో కులాలకు ముందే కోడ్ నంబర్లు ఇచ్చి 46 లక్షల గందరగోళాన్ని తప్పించుకుంది. జాబితా ఉంటే లెక్క కుదురుతుంది. కానీ ఏ పేరు ఏ పేరులో భాగం, ఏది విడి కులం అని ముందే తేల్చేది ఆ జాబితా తయారుచేసేవారే. తలుపు తట్టే ఎన్యూమరేటర్ అడిగే ప్రశ్న ఒక్కటే అయినా, తన పేరు ఏ గడిలో పడిందన్న దాన్నిబట్టి ఒక సమూహం వేలల్లో లెక్క తేలవచ్చు, లక్షల్లోనూ తేలవచ్చు. రేపటి వాటాలకు ఆధారం ఆ అంకెలే.