రెండు గట్లకూ ఒకే తేదీ

అక్టోబరు 1న ప్రపంచంలో జరిగిన పెద్ద సంఘటనలన్నీ ఏరి ముఖచిత్ర కథనం ఇవ్వమన్నారు ఎడిటర్ గారు. గడువు దగ్గరపడేకొద్దీ జాబితా పెరిగింది గానీ, నా మనసు 1953 దాటి కదల్లేదు. ఆ గురువారం నాడు భద్రాచలం దగ్గర గోదావరి రెండు గట్లకూ ఒకేసారి చిరునామా మారింది.

ఎడమ గట్టున భద్రాచలం మద్రాసు రాష్ట్రాన్ని వదిలి కొత్త ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. కర్నూలులో నెహ్రూ ప్రారంభించారు, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి అయ్యారు. అదే రోజు కుడి గట్టున బూర్గంపాడు వైపు, హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంటూ, వరంగల్ జిల్లా నుంచి విడిపోయి కొత్త ఖమ్మం జిల్లాలో చేరింది. రామదాసు ఊరు నేలకొండపల్లి ఒక రాష్ట్రం, ఆయన కట్టించిన గుడి ఇంకో రాష్ట్రం. మధ్యలో వంతెన లేదు. భద్రాచలం రోడ్ అని పేరు పెట్టుకున్న రైల్వే స్టేషన్ కూడా నదికి ఇవతల, కొత్తగూడెంలోనే.

ఆంధ్ర రాష్ట్ర చట్టంలో మూడో సెక్షన్ చదవండి. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా పదకొండు జిల్లాలు, ఆపైన బళ్లారి జిల్లాలోని ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు. తాలూకాలకు సైతం పేరు దక్కిన ఆ సెక్షన్‌లో భద్రాచలం కనపడదు. తూర్పు గోదావరి జిల్లాతో పాటు అదీ వచ్చేసింది, అంతే. 2014లో పునర్విభజన చట్టానికి చేసిన సవరణలో మాత్రం పేరుంది. భద్రాచలం మండలం ఆంధ్రప్రదేశ్‌కు, భద్రాచలం రెవెన్యూ గ్రామం మినహా! గుడీ, ఊరూ తెలంగాణకు మిగిలాయి. మండలంలోని మిగతా పల్లెలు, కోయగూడేలు అటు వెళ్లాయి. ఊరు దాటి ఎటపాకలో అడుగుపెడితే రాష్ట్రం మారిపోతుంది. పురుషోత్తపట్నంలోని రామాలయం భూములూ అవతలే.

మిగతా చరిత్ర టూకీగా: 1860లో నిజాం ఈ ఎడమ గట్టును ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు, 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసుకు మారింది, 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది, 1965లో వంతెన పడింది, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది.

అదే తేదీన...
1949: బీజింగ్‌లో మావో చైనా ప్రజా రిపబ్లిక్‌ను ప్రకటించారు.
1958: అమెరికాలో నాసా పని మొదలుపెట్టింది.
1960: నైజీరియాకు స్వాతంత్ర్యం వచ్చింది.

చరిత్రలో ఈ రోజు అంటూ వచ్చే శీర్షికల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. రాజధానుల్లో జరిగితేనే వాటికి లెక్క. పల్లె ఏ రాష్ట్రానికి పోయిందన్నది ఆ పల్లెవాళ్లకు చైనా విప్లవం కన్నా చిన్న విషయమేమీ కాదు. రేషన్ కార్డు, పట్టా, పిల్లల కుల ధ్రువపత్రం అన్నీ దానితోనే ముడిపడి ఉంటాయి.

ఎటపాక, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల గ్రామాలను తిరిగి తెలంగాణలో కలపాలన్న డిమాండ్ ఏళ్ల తరబడి నలుగుతోంది. ఇది ఐదో షెడ్యూలు ప్రాంతం, గ్రామసభ మాటకు చట్టంలోనే విలువ ఉంది. రెండు ప్రభుత్వాలూ, కేంద్రమూ కూర్చుని తేల్చే ముందు ఆ ఐదు ఊళ్లలో గ్రామసభలు పెట్టించండి. వాళ్లేమంటారో రాసుకుని, ఆ కాగితంతోనే చర్చ మొదలుపెట్టండి.