కార్మిక పరిశోధనలో కులం గడి

పారిశ్రామిక సంబంధాల బోధన నా వృత్తి. జాన్ డన్‌లప్ 1958లో ప్రతిపాదించిన చట్రంతోనే ఏటా పాఠం మొదలుపెడతాను. యాజమాన్యం, కార్మికులు, ప్రభుత్వం అందులోని మూడు పక్షాలు. ఈ మూడింటితోనే సరిపెట్టుకుంటే బొంబాయి బట్టల మిల్లుల చరిత్ర బోధపడదు. అక్కడ తెగిన నూలుపోగును నోటి తడితో అతికేవారు. ఆ ఎంగిలి అంటుతుందన్న సాకుతో, కూలి ఎక్కువగా దొరికే నేత విభాగంలోకి దళితులను రానివ్వలేదు. తోటి కార్మికులే అడ్డుపడ్డారు. 1928 సమ్మె కాలంలో అంబేడ్కర్ ఈ అన్యాయాన్నే కార్మిక నాయకుల ముందుంచారు.

అది గడిచిన కథ కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్ ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు సమాన అర్హతలతో, వేర్వేరు సామాజిక వర్గాలను సూచించే పేర్లతో దరఖాస్తులు పంపి చూశారు. దళిత పేర్లకు పిలుపులు తక్కువగా వచ్చాయని 2007లో వెల్లడించారు. అర్హత ఒకటే, మారింది పేరు.

కనుక పరిశోధక విద్యార్థులారా, మీ సర్వే పత్రంలో వేతనం, పనిగంటల సరసన కులానికీ ఒక గడి ఉంచండి. పర్మినెంటు కొలువు ఎవరిదో, కాంట్రాక్టు చీపురు ఎవరి చేతిలో ఉందో, మురుగు గుంతలోకి దిగేదెవరో అడగండి. ఆ ప్రశ్న వేయని శాస్త్రం తటస్థత పేరుతో యథాస్థితికే కాపలా కాస్తుంది.