ప్లగ్గును పట్టుకున్న నాలుగు చుట్లు

నా పాత మోటారు సైకిలు స్పార్క్ ప్లగ్గు విప్పితే దాని మరల్లో వెండి తీగలాంటిది చుట్టుకుని బయటికొచ్చింది. తీగ కాదది, ఇంజను హెడ్డులో ఉండాల్సిన అల్యూమినియం మర. అంతకుముందు పానా మీద నా బలమంతా వేసి బిగించింది నేనే. లేత్ షాపులో రంధ్రం పెద్దది చేసి బుష్షు వేయించాక బండి నడిచింది. ఆ ప్లగ్గు తరగతికి పట్టుకెళ్ళి చూపిస్తే వెనక బెంచీ కుర్రాడు అడిగాడు: "గట్టిగా బిగిస్తే మర పోయిందంటున్నారు. వదులుగా వదిలేస్తే లోపలి పేలుడుకి ప్లగ్గే ఎగిరిపోదా మాస్టారూ?"

ఎగిరిపోతుంది. అమెరికా పికప్ ట్రక్కుల్లో ఎగిరిపోయాయి కూడా.

మన లారీలు చాలావరకు డీజిలువి. నొక్కిన గాలి వేడికే డీజిలు అంటుకుంటుంది కాబట్టి వాటికి స్పార్క్ ప్లగ్గు అక్కర్లేదు. అమెరికా పికప్ ట్రక్కులు ఎక్కువగా పెట్రోలువి. ఫోర్డ్ 1997 మోడలు ఎఫ్-150తో తెచ్చిన ట్రైటన్ ఇంజన్లలో కొన్నిటికి ఒక జబ్బుండేది. బండి నడుస్తుండగానే ఠప్పుమని ప్లగ్గు ఊడి, మీదున్న ఇగ్నిషన్ కాయిల్‌ని కూడా నెట్టుకుని లేచేది. 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకి మర పొడవు మామూలుగా 19 మిల్లీమీటర్లు, అంటే 15 చుట్లు. ఈ హెడ్డుల్లో ప్లగ్గును పట్టుకున్నవి దాదాపు 4 చుట్లే.

అయితే 4 చుట్లు చాలవా? కొత్తలో చాలాయి కదా! అసలు విషయం ఇక్కడే ఉంది, నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని విషయం.

మర అంటే ఇరుకులో దిగగొట్టిన మేకు కాదు, అదొక స్ప్రింగు. ప్లగ్గు బిగిస్తున్నప్పుడు వాషరు నలుగుతుంది, ఆ తర్వాత ప్లగ్గు ఉక్కు ఒళ్ళు కంటికి కనబడనంత సాగుతుంది. సాగిన ఉక్కు తిరిగి ముడుచుకోవాలని లాగుతూనే ఉంటుంది. ప్లగ్గును కుదురుగా కూర్చోబెట్టేది ఆ లాగుడే. 25 న్యూటన్ మీటర్ల బిగింపుతో అది దాదాపు 900 కిలోల బరువు మోపినంత అవుతుంది. ఇక లోపలి పేలుడు చూడండి. ఒత్తిడి 60 బార్లకు చేరిందనుకున్నా, 14 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి అది ప్లగ్గును తోసేది 95 కిలోల లోపే. అప్పటికే 900 కిలోలు మోస్తున్న మరకి ఆ తోపు ఇంచుమించు తెలియనే తెలియదు.

బిగువు సడలిందా, కథ మారిపోతుంది. ఇక ప్లగ్గు సందులో ఆడుతుంది, పేలుడు సుత్తి దెబ్బవుతుంది. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే ఒక్కో సిలిండరులో 1,000 దెబ్బలు. కొట్టేది ఉక్కు, తినేది మెత్తని అల్యూమినియం. పైగా వేడెక్కినప్పుడు అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, చల్లారితే అంతే ముడుచుకుంటుంది. ఈ దెబ్బలు పంచుకోవడానికి 15 చుట్లుంటే ఎలాగో ఓర్చుకుంటాయి. 4 చుట్లు ఓర్చుకోలేవు, ఒకటి పోతే మిగతా మూడూ దాని వెనకే పోతాయి. వదులు ప్లగ్గుతో ఇంకో చేటుంది. ప్లగ్గు కొన వేడి హెడ్డులోకి దిగేది ఎక్కువగా వాషరు, మరల మీదుగానే. ఆ దారి తెగితే కొన ఎర్రగా కాలి, స్పార్కు రాకముందే ఇంధనాన్ని అంటిస్తుంది. అది పిస్టనుకే కన్నం పెట్టగలదు.

ఫోర్డ్ తర్వాతి హెడ్డుల్లో చుట్లు పెంచింది. పాతవాటికి మెకానిక్కులు బుష్షులు వేశారు, మా లేత్ షాపు చేసిన పనే. కానీ 2004 మోడలుతో వచ్చిన, సిలిండరుకి మూడు వాల్వులున్న ట్రైటన్‌కి సరిగ్గా తిరగబడ్డ జబ్బు పట్టుకుంది. ప్లగ్గు ఊడమన్నా ఊడదు! మర దాటాక సన్నటి పొడుగు గొట్టం, దాని చుట్టూ మసి పేరుకుని బిగుసుకుంటే, తిప్పగానే గొట్టం లోపలే విరిగి ఉండిపోయేది. ఫోర్డ్ చెప్పిన విరుగుడు ఓపికతో కూడింది: కొంచెం మాత్రం వదులు చేసి, కార్బురేటర్ క్లీనరు పోసి, పావుగంట నాననిచ్చి, ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తీయాలి. కొత్తది వేసేటప్పుడు బిగుసుకోకుండా కాపాడే నికెల్ ముద్దని ఆ గొట్టానికి మాత్రమే రాయాలి, మరకి కాదు. మరకి రాస్తే రాపిడి తగ్గి, అదే పానా లాగుడుకి ఉక్కు ఇంకా ఎక్కువ సాగుతుంది. నా బండి హెడ్డుకి పట్టిన గతే ఆ హెడ్డుకీ పట్టొచ్చు.

కుర్రాణ్ణి నా బండి దగ్గరికి పిలిచి, బుష్షు వేసిన హెడ్డు చూపించి కొత్త ప్లగ్గు చేతికిచ్చాను. ఇంజను చల్లగా ఉంది. ఆగేదాకా వేళ్ళతోనే తిప్పమన్నాను, ఆపైన పానాతో అర చుట్టు. పావు చుట్టు దాటగానే ఆగి నా వైపు చూశాడు.

"లోపల ఏదో నలుగుతోంది మాస్టారూ."

"వాషరురా. ఇంకొంచెం."