మైసూరు దగ్గర బడిలో విన్న మాట

1937 జనవరిలో మైసూరు పట్టణములో వై.ఎం.సి.ఏ. ప్రపంచ మహాసభ జరిగింది. అమెరికా నుండి వచ్చిన ప్రతినిధులలో డాక్టర్ బెంజమిన్ ఎలైజా మేస్ ఒకరు. మన బైబిలు వాడుకలో చెప్పాలంటే బెన్యామీను ఏలీయా. నల్లజాతివాడు, బాప్టిస్టు బోధకుడు, వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయములో వేదాంత విభాగానికి అధిపతి. ఆ చుట్టుప్రక్కల అంటరానివారి పిల్లల కొరకు నడుస్తున్న ఒక బడి ప్రధానోపాధ్యాయుడు ఆయనను పిలిచి, పిల్లలతో మాట్లాడమని కోరాడు. పరిచయము చేస్తూ, ఈయన కూడా అమెరికాలో అంటరానివాడే, అయినా ఇంత పైకి వచ్చాడని పిల్లలకు చెప్పాడు.

మేస్‌గారికి మొదట ఆ మాట ములుకులా గ్రుచ్చుకొన్నది. కోపము కూడా వచ్చింది. కాసేపు ఆలోచించుకొన్న తరువాత అది నిజమేననిపించింది. ఎంత చదివినా తన దేశములో తాను ఎక్కకూడని రైలు పెట్టెలున్నాయి, అన్నము తినకూడని హోటళ్ళున్నాయి, కాలు పెట్టకూడని మందిరాలు కూడా ఉన్నాయి. ఈ సంగతి ఆయన 1971లో వెలువడిన తన ఆత్మకథలో దాచుకోకుండా వ్రాసుకొన్నారు.

ఈ పత్రిక చదివే కుటుంబాలలో ఆ మాట బరువును తాతల నాటి నుండి మోసినవారు ఎందరో ఉన్నారు. అందుకే ఆయన సంగతులు మన పాఠకులకు చెప్పాలని మేము తలచాము.

ఆ ప్రయాణములోనే ఆయన వార్ధా దగ్గర గాంధీగారిని కలిసి అహింసను గూర్చి చాలాసేపు ప్రశ్నలడిగారు. అంటరానితనముతో పోరాడే మీరు కులమును ఎందుకు ఎదిరించరని కూడా అడిగారు. కులమంటే వృత్తుల విభజన అన్నట్లు గాంధీగారు జవాబిచ్చారు. ఆ జవాబు మాకైతే తృప్తినివ్వలేదు.

మేస్‌గారు 1894లో దక్షిణ కరోలినా రాష్ట్రములో పుట్టారు. తల్లిదండ్రులు బానిసత్వములో పుట్టినవారు. ప్రత్తి సేద్యము చేసుకొనే ఆ ఇంట ఎనిమిదిమంది పిల్లలలో ఈయన కడగొట్టువాడు. ఆయనకు ఊహ తెలిసిన తరువాత మొదటి జ్ఞాపకము 1898 నాటిది. తుపాకులు పట్టుకొని గుఱ్ఱాలమీద వచ్చిన తెల్లవారి గుంపు ఆయన తండ్రిని నిలబెట్టి, టోపీ తీయించి, మళ్ళీ మళ్ళీ వంగి దండము పెట్టించింది. నాలుగేండ్ల పిల్లవాడు ప్రక్కనే నిలబడి చూచాడు.

నల్లవారి పిల్లలకు బడి ఏడాదికి నాలుగు నెలలే. మిగతా కాలమంతా ప్రత్తిచేలోనే. నీతిగా బ్రతకడానికి బోధకుని పని, సేద్యము, ఈ రెండే ఉన్నాయనీ, వాటికి పెద్ద చదువు అక్కరలేదనీ తండ్రి నమ్మకము. చేలో మనిషి తక్కువైతే కూలి ఎవరిస్తారు? మన పల్లెల్లో పత్తి ఏరే రోజుల్లో పిల్లలను బడి మాన్పించే తండ్రులకు ఆ మనిషి కష్టము బాగా తెలుసు. తల్లికి చదవడము రాదు, కాని కొడుకు చదువు కొరకు ప్రార్థన మానలేదు. చివరకు తండ్రి మాట దాటి, 1916లో, ఇరవై దాటిన వయస్సులో, హైస్కూలు ముగించారు. తరగతిలో మొదటివాడు. తరువాత ఉత్తరాన బేట్స్ కళాశాలలో 1920లో పట్టము పుచ్చుకొన్నారు. సెలవుల్లో రైళ్ళలో పోర్టరుగా పనిచేశారు. 1935లో షికాగో విశ్వవిద్యాలయము డాక్టరేటు ఇచ్చింది.

1940లో అట్లాంటాలోని మోర్‌హౌస్ కళాశాలకు అధ్యక్షుడయ్యారు. అది నల్లజాతి యువకుల కళాశాల. అక్కడ 27 సంవత్సరాలు ఉన్నారు. ఫీజు విషయములో మహా గట్టి మనిషి. మంగళవారపు ఉదయాలలో చాపెలులో విద్యార్థులతో మాట్లాడేవారు. తెల్లవారికి వేరుగా, నల్లవారికి వేరుగా చోటు పెట్టిన సినిమాహాలుకు మీ అంతట మీరు డబ్బు ఇచ్చి వెళ్ళి అవమానము కొనుక్కోవద్దని చెప్పేవారు. తన తండ్రి టోపీ తీసిన దృశ్యము ఆయన మనస్సులో ఉండే ఉంటుందని మా ఊహ.

యుద్ధకాలములో యువకులు సైన్యానికి వెళ్ళగా విద్యార్థులు తగ్గిపోయారు. అప్పుడు హైస్కూలు పూర్తికాని తెలివైన పిల్లలను కూడా చేర్చుకొన్నారు. 1944లో అలా వచ్చిన 15 ఏండ్ల బాలుడు మార్టిన్ లూథర్ కింగ్. చాపెలు ముగిసిన తరువాత ఆ బాలుడు ఆయన వెంటబడి ప్రశ్నలు వేసేవాడు.

1956లో మాంట్‌గోమరీ బస్సుల పోరాటములో కింగ్‌ను అరెస్టు చేస్తారని తెలిసినప్పుడు, తండ్రి భయపడి అట్లాంటా పెద్దలను ఇంటికి పిలిచాడు. కుమారుడు తిరిగి వెళ్ళకూడదని తండ్రి కోరిక. వచ్చినవారిలో చాలామంది తండ్రివైపే మొగ్గారు. వెళ్ళక తప్పదని కింగ్ అన్నప్పుడు, అతని పక్షాన గట్టిగా మాట్లాడినవారు మేస్‌గారే. కన్నతండ్రి ఎదుట ఆ మాట చెప్పడము తేలికా?

ఆయన సంఘమును కూడా వదలలేదు. 1954లో ఇవాన్‌స్టన్‌లో జరిగిన ప్రపంచ సంఘాల సమాఖ్య సభలో, జాతినిబట్టి విశ్వాసులను వేరుచేయడానికి బైబిలులోగాని ఆదిమ సంఘములోగాని ఆధారము లేదని చెప్పారు. మనము బల్లయొద్ద కలిసి కూర్చుంటాము, పెండ్లి సంబంధము దగ్గర మాత్రము మెల్లగా కులము అడుగుతాము.

తమలో ఎవరు ముందు పోతే రెండవవారు సమాధి ప్రసంగము చేయాలని గురుశిష్యులు ఇద్దరూ ఒప్పుకొన్నారు. 1968 ఏప్రిల్ 9న మోర్‌హౌస్ ఆవరణలో, 73 ఏండ్ల గురువు 39 ఏండ్ల శిష్యుని కొరకు లేచి నిలబడ్డారు.

అప్పటికే పదవీ విరమణ చేసినా ఇంట కూర్చోలేదు. 1970లో అట్లాంటా పాఠశాలల బోర్డుకు మొదటి నల్లజాతి అధ్యక్షుడై, 1981 వరకు ఆ కుర్చీలో ఉన్నారు. 1984 మార్చి 28న ప్రభువునందు నిద్రించారు.