ఉలి చేతిలో... ధర ఫోన్‌లో!

‘ఈ ఉలెంతండీ?’

షాపాయన ధర చెప్తాడు. అడిగిన కుర్రాడు ఉలిని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. అంచు మీద బొటనవేలు ఆనిస్తాడు. రెండో చేత్తో జేబులోంచి ఫోన్ తీస్తాడు.

‘ఇందులో వంద తక్కువ చూపిస్తోందండీ...’

‘ఆయ్, అయితే అందులోనే తీసుకోండి. పిడి ఊడితే దానికే చెప్పుకోండి మరి!’

రాజమండ్రి, భీమవరం, అమలాపురం... ఊరేదైనా హార్డ్‌వేర్ షాపు గల్లాపెట్టె దగ్గర ఇప్పుడు ఇలాంటి సంభాషణ కొత్తేమీ కాదు. 2007లో ఫ్లిప్‌కార్ట్ పుస్తకాలతో మొదలైంది. 2013లో అమెజాన్ మనదేశంలో అమ్మకాలు తెరిచింది. పుస్తకాలూ, ఫోన్లూ, చీరలూ అయ్యాయి. ఇప్పుడు వంతు వడ్రంగి సంచికి వచ్చింది. కొనేది పనివాళ్లొక్కరే కాదు. వానాకాలంలో బిగుసుకుపోయిన తలుపును తామే చిత్రిక పట్టుకుందామనుకునేవాళ్లూ, సెలవు రోజున చెక్కతో ఏదో ఒకటి చేసుకోవాలని సరదా పడే ఉద్యోగులూ కొంటున్నారు. మరి ఎక్కడ కొంటే మేలు? ధర ఒక్కటే చూస్తే జవాబు తేలికే. చిక్కంతా కొన్న తర్వాతే!

ఏ కర్ర మీదికి?

గోదావరి గడ్డకు కొయ్యపని కొత్తది కాదు. 17వ శతాబ్దంలోనే నర్సాపురం ఓడల నిర్మాణానికి పేరుమోసింది. భద్రాచలం వైపు అడవుల్లోని కలపను తెప్పలుగా కట్టి నది మీద రాజమండ్రికి దించేవారు. 1847 నుంచి 1852 దాకా సాగిన ధవళేశ్వరం ఆనకట్ట పని కోసం అక్కడ ఏకంగా వర్క్‌షాపులే వెలిశాయి. ఆనక కాలువల మీద ధాన్యం మోసిన పడవలూ కొయ్యవే. ఇన్ని పడవలు, ఇన్ని నాగళ్లు, ఇన్ని బళ్లు చెక్కిన ఉలీ బాడిసా చాలావరకు ఊరి కొలిమిలోనే పుట్టాయి.

బాడిస కావాలని కమ్మరి దగ్గరికి వెళితే ఆయన ముందుగా అడిగేది డబ్బు సంగతి కాదు. ‘ఏ కర్ర మీదికి?’ అని! టేకు మీద హాయిగా నడిచే పలచటి అంచు తాటిదూలం మీద నిలవదు. తాటి, కొబ్బరి మానుల్లో గట్టిదనమంతా పైభాగంలోనే ఉంటుంది. ఆ నారలు పదును ఇట్టే తినేస్తాయి. అందుకని అంచు కాస్త మందంగా ఉంచాలి. పాత లారీ కమాను పట్టీ ముక్కను ఎర్రగా కాల్చి, సాగగొట్టి, ఆకారం తెచ్చి నీళ్లలో ముంచుతారు. అప్పటికది గట్టిపడుతుంది కానీ గాజులా పెళుసు. ఒక్క దెబ్బకే అంచు ఊడిపోవచ్చు. అందుకే నల్లదనం పోయేలా రుద్ది, మళ్లీ సన్నగా వేడి చేస్తారు. అప్పుడు ఉక్కు మీద రంగులు పాకుతాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, చివరకు నీలం. ఉలి అంచుకు గడ్డిరంగు వచ్చిన దగ్గర్లో ఆపేయాలి. నీలం దాకా పోనిస్తే మెత్తబడి పదును నిలవదు. సానచక్రం మీద అదేపనిగా అదిమితే మంచి కంపెనీ ఉలైనా నీలం తిరిగి పాడయ్యేది ఇందుకే.

ఇక పిడి. కమ్మరి ఇచ్చేది బాడిస తల వరకే. పిడిని వడ్రంగి తన చేతికి తగ్గట్టు తనే చెక్కుకుంటాడు. ఇదే బాడిసను ఫోన్‌లో వెతకాలంటే అసలు ఇంగ్లిషులో ఏమని కొట్టాలో తెలియాలి!

పెట్టెలో వచ్చిన రంపం

అలాగని ఆన్‌లైన్‌లో అన్నీ నాసిరకమే అనుకుంటే పొరపాటు. మంచి కంపెనీ ఉలి ఎక్కడ కొన్నా మంచిదే. కాకపోతే తేడాలు ఫొటోలో కనిపించవు. ఉదాహరణకు రంపం. ఇప్పుడొచ్చే రంపాల్లో చాలావాటికి పళ్ల కొనలు మాత్రం నల్లగానో నీలంగానో ఉంటాయి. ఆ కొనల్ని ప్రత్యేకంగా గట్టిపరుస్తారు. చాలాకాలం కోస్తాయి, నిజమే. మొద్దుబారాక మాత్రం ముక్కోణపు ఆకురాయితో అరగదీద్దామంటే ఆకురాయే జారిపోతుంది. ఇక పారేయడమే. ఏడాదికోసారి బయటికి తీసే ఇంటికి అది చాలు. ఒకే రంపాన్ని ఏళ్ల తరబడి పదును పెట్టుకుంటూ వాడేవాళ్లకు అది దండగ. షాపులో అయితే చేతబట్టి చూడొచ్చు. పళ్ల వెంబడి ఒక కన్ను మూసి చూస్తే వంకర తెలుస్తుంది. కాస్త వంచి వదిలితే తిన్నగా వెనక్కి రావాలి. ఉలి అయితే వీపు చదునుగా ఉందా, పిడి తిన్నగా దిగిందా అని చూడాలి. తోపడా అయితే అడుగుభాగం మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెలుతురుకు ఎత్తి చూడాలి. సందులోంచి వెలుగు కనిపిస్తే సమంగా లేనట్టే.

పెట్టెలోంచి తీసిన ఉలి వెంటనే తెగుతుందనుకోవడం ఇంకో భ్రమ. ఎక్కడ కొన్నదైనా సానబెట్టుకోవాల్సిందే.

మరి షాపుల సంగతి? అక్కడా లోపాలున్నాయి. బిల్లు అడిగితే ముఖం చిట్లించేవాళ్లున్నారు. పేరున్న కంపెనీని పోలిన పేరుతో నకిలీ అంటగట్టేవాళ్లూ ఉన్నారు. లాగినప్పుడు కోసే జపాన్ రంపమో, నీళ్లతో వాడే సానరాయో, పొడవాటి క్లాంపో అడిగితే ‘అలాంటివి రావండీ’ అనేస్తారు. వీడియోలు చూసి కొత్త పని నేర్చుకుంటున్న మారుమూల లంక కుర్రాడికి ఆ సరుకు ఇంటికి తెచ్చిస్తున్నది ఆన్‌లైనే. ఆ మేలు కాదనలేం. షాపులో గంటసేపు అన్నీ చేతబట్టి చూసి, సలహాలడిగి, బయటికొచ్చి ఫోన్‌లో ఆర్డర్ పెట్టడం మాత్రం ఏ రకంగానూ బాగోదు!

మిషన్లయితే...

డ్రిల్లింగ్ మిషన్, ప్లానర్, రూటర్... వీటి దగ్గరే ధరలో తేడా ఎక్కువగా ఊరిస్తుంది. బ్యాటరీ మిషన్ మరీ చౌకగా కనిపిస్తే వివరాలు రెండోసారి చదవాలి. బ్యాటరీ, చార్జర్ లేకుండా ఒట్టి మిషన్ ధరే అక్కడ ఉండొచ్చు. ఒక కంపెనీ బ్యాటరీ సాధారణంగా ఇంకో కంపెనీ మిషన్‌కి సరిపోదు. కార్బన్ బ్రష్‌లు అరిగితే మార్చాలి. అవి ఊళ్లో దొరుకుతాయో లేదో, సర్వీసు సెంటర్ ఎంత దూరమో ముందే కనుక్కోవాలి. రోజుకూలీ మీద బతికే మనిషికి మిషన్ వారం రోజులు మూలపడితే మిగిల్చిన వంద ఏ మూలకు? వారెంటీకి బిల్లు, దాని మీద మిషన్ నంబరు ఉండటం మేలు.

మోసపోతే దారి లేకపోలేదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేదెవరు, సరుకు ఏ దేశంలో తయారైంది, వెనక్కి తీసుకునే షరతులేమిటి అన్నది కొనేవారికి తెలపాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పి, నెలలోగా తేల్చాలి. వినియోగదారుల సహాయ నంబరు 1915. 2019 చట్టం వచ్చాక, కంపెనీ ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు.

కొలిమి లెక్క వేరు

కమ్మరికి మాత్రం ఈ నిబంధనలేవీ అక్కరకు రావు. ఆయన చిక్కు ఇంకోటి. నాగళ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. బళ్లు పోయాయి. కొయ్య తలుపుల చోటికి ప్లాస్టిక్ తలుపులొచ్చాయి, చేపల వేటలోకి ఫైబర్ పడవలు దిగాయి. మిగిలిందల్లా కత్తి, కొడవలి, ఉలి, బాడిస. ఇప్పుడు ఉలి కూడా పార్శిల్‌లో వస్తుంటే ఆయన దగ్గరికొచ్చేది అది మొద్దుబారాకే! సానకిచ్చే చిల్లరతో బొగ్గుల ఖర్చే గిట్టదు. కొత్తది చేసే పని లేనప్పుడు, పాతది బాగుచేయడానికి కొలిమి ఎన్నాళ్లు రాజేస్తారు? అది చల్లారితే పార్శిల్ ఉలి కొన్నవాళ్లకూ పదునెక్కించే చోటు ఉండదు.

ప్రభుత్వాలు పట్టించుకోలేదని కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఒకసారి, 2018లో మరోసారి ‘ఆదరణ’ కింద చేతివృత్తులవారికి పనిముట్లిచ్చారు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం, కమ్మరం, పడవల తయారీతో పాటు సుత్తులూ పనిముట్లూ చేసే పని కూడా ఉంది. పనిముట్ల కోసం 15 వేల రూపాయల దాకా ఈ-వోచర్ ఇస్తారు. వోచర్‌తో వచ్చిన ఉలికైనా పదును పెట్టే మనిషి ఊళ్లో ఉండాలి కదా!

అందుకే అనుభవమున్న పనివాళ్లు చాలామంది అన్నీ ఒకేచోట కొనరు. క్లాంపులు, కొలత సామాను, ఊళ్లో దొరకని సానరాళ్లు ఫోన్‌లో. మిషన్ సర్వీసు దగ్గరున్న షాపులో, చేతిలో డబ్బు లేనప్పుడు ఖాతా రాసుకునేదీ ఆ షాపే. ఉలి, బాడిస మాత్రం పట్టి చూశాకే.

ఎక్కడ కొన్నా, ఈ నీటిగాలికి ఇనుము తుప్పు పట్టడానికి ఎంతో కాలం పట్టదు. సముద్రం దగ్గరి ఊళ్లలో మరీనూ. పనయ్యాక తడి తుడిచి, నూనె గుడ్డతో ఒకసారి రుద్ది, పొడి సంచిలో పెట్టాలి. కొత్త ఉలితో వచ్చే ప్లాస్టిక్ తొడుగులో తడి నిలుస్తుంది. వానాకాలంలో దాన్ని తీసి పక్కన పెట్టండి.