ఉద్యోగ ప్రయాణం: మిగిలిన గంటలు ఎవరివి?

ఉద్యోగరీత్యా జరిగే సదస్సులకు, శిక్షణా తరగతులకు పొరుగు నగరాలకు వెళ్లిరావడం నేడు మన కుటుంబాలలో సర్వసాధారణమైంది. విజయవాడ నుండి వచ్చే బస్సులు హయత్‌నగర్ దాటి ఎల్.బి.నగర్ చేరుకుంటాయి. అక్కడ దిగి, చెంతనే ఉన్న మన్సూరాబాద్‌లో బంధువుల ఇంట బస చేసి, ఉదయాన్నే సదస్సుకు వెళ్లేవారు ఎందరో! సభ ముగిశాక ఒకటి రెండు పూటలు మిగులుతాయి. సంస్థ ఖర్చుతో వచ్చినవారు ఆ సమయంలో నగరాన్ని దర్శించవచ్చునా?

నిస్సందేహంగా దర్శించవచ్చును. భూమిలో సంచరించి గతించినవారి పర్యవసానాన్ని గమనించమని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల ఉపదేశించింది. అయితే ఆ చూపు గుణపాఠం గ్రహించే చూపు కావాలి.

2018లో ప్రారంభమైన ఎల్.బి.నగర్ మెట్రో ఎక్కితే ఎంజీబీఎస్‌లో దిగవచ్చు. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ అక్కడికి సమీపంలోనే ఉన్నాయి. 1591లో చార్మినార్ కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా దాని పై అంతస్తులో మస్జిదును నిర్మింపజేశాడు. ఆయన కుమార్తె హయాత్ బక్షీ బేగం పేరిటే హయత్‌నగర్ వెలసింది. ఆమె భర్త ముహమ్మద్ కుతుబ్ షా మక్కా మస్జిదు నిర్మాణానికి పూనుకున్నాడు. అది పూర్తయింది 1694లో. అప్పటికి ఆ రాజవంశమే అంతరించి ఏడేళ్లయింది! పునాది వేసినవారు కనుమరుగయ్యారు. సజ్దా మాత్రం నేటికీ కొనసాగుతోంది. ఇంతకు మించిన గుణపాఠం ఏముంటుంది?

కాని ఈ ప్రయాణంలో విస్మరించరాని విషయం అమానత్. సదస్సు జరిగే సమయం సంస్థది. హాజరుపట్టీలో సంతకం చేసి బజారుకు జారుకోవడం ద్రోహం. బంధువుల ఇంట ఉండి లాడ్జి బిల్లు సమర్పించడం, సొంత షికారుకు తిరిగిన ఆటో కిరాయిని సంస్థ ఖాతాలో రాయడం హరామ్ సంపాదనే. పదిమందీ చేస్తున్నంత మాత్రాన అది హలాల్ కాబోదు. జకాత్ వసూలుకు వెళ్లిన ఇబ్నుల్ లుత్బియ్యా కొంత సొమ్మును తనకు లభించిన కానుకగా చెప్పుకున్నప్పుడు, తల్లిదండ్రుల ఇంట కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని దైవప్రవక్త (సఅసం) నిలదీశారు. సదస్సులలో వ్యాపారులు అందించే ఖరీదైన బహుమతులను ఈ గీటురాయిపైనే పరీక్షించుకోవాలి.

సహోద్యోగులతో, ముస్లిమేతర సోదరులతో స్నేహంగా మెలగడం సద్గుణమే. అయితే మద్యం వడ్డించే బల్ల వద్ద విశ్వాసి కూర్చోరాదు. పరస్త్రీలతో, పరపురుషులతో ఏకాంతం ఊరు మారినంత మాత్రాన ధర్మసమ్మతం కాదు.

మిగిలిన సమయంలో మొదటి హక్కు బంధువులది. నగరంలో ఉన్న మేనత్తను, వృద్ధుడైన పెదనాన్నను పలకరించడం సిలయె రహిమీ. షికారు కన్నా దాని పుణ్యం గొప్పది.

నమాజు విషయంలోనూ శ్రద్ధ అవసరం. హనఫీ మస్లక్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్లకు మించిన ప్రయాణం చేసి, 15 రోజులకన్నా తక్కువ ఉండదలచినవారు జుహ్ర్, అస్ర్, ఇషాలలో రెండేసి రకాతుల ఫర్జ్ చేయాలి. స్థానిక ఇమాము వెనుక నిలబడితే నాలుగూ పూర్తి చేయాలి.

పని ముగియగానే త్వరగా ఆలుబిడ్డల వద్దకు మరలమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. ఇంటి భారమంతా ఒంటరిగా మోస్తున్న భార్యకు ఫోను చేసి క్షేమం తెలపడం, చెప్పిన రోజుకు చేరుకోవడం కూడా ఆమె హక్కులే. సంస్థకు సమర్పించే లెక్క ఒక్క కాగితంతో ముగుస్తుంది. అల్లాహ్ సన్నిధిలో మాత్రం ప్రతి పైసాకు, ప్రతి ఘడియకు సమాధానం చెప్పుకోవలసిందే.