గడ్డిమైదానంలో కట్టుకున్న ఇల్లు

విస్కాన్సిన్ అడవుల్లో చలికాలం ముంచుకొస్తోంది. నాన్న ఓ బోలు చెట్టుమొద్దు తెచ్చి ఇంటి దగ్గర నిలబెట్టాడు. లోపల మేకులు కొట్టాడు, మీద చిన్న కప్పు వేశాడు, అడుగున ఓ తలుపు పెట్టాడు. ఉప్పు పట్టించిన జింక మాంసాన్ని ఆ మేకులకు వేలాడదీసి కింద హికరీ చెట్టు పచ్చి పేళ్లు రాజేశాడు. మంట లేవకూడదు, పొగ ఆగకూడదు. పిల్లలిద్దరూ అక్కడక్కడే తిరుగుతూ అంతా చూస్తుంటారు. ఆ కొద్ది పేజీలు చదివేసరికి మాంసాన్ని నెలల తరబడి ఎలా నిలవ చేస్తారో ఎనిమిదేళ్ల పిల్లకైనా అర్థమైపోతుంది.

లారా ఇంగల్స్ వైల్డర్ రాసిన 'లిటిల్ హౌస్ ఇన్ ద బిగ్ వుడ్స్' మొదలయ్యేది ఇలాంటి పనులతోనే. 1932లో అది అచ్చయ్యేనాటికి ఆమె వయసు 65. తర్వాత 1943 దాకా మరో ఏడు పుస్తకాలు వచ్చాయి. గుర్రబ్బండిలో సామాను సర్దుకుని విస్కాన్సిన్, కాన్సస్, మిన్నెసోటా, డకోటా నేలల మీదుగా తిరిగిన ఆమె సొంత రైతు కుటుంబం కథ అది. ఆరు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయని అంచనా. 1974 నుంచి 1983 దాకా టీవీ సీరియల్‌గా వచ్చి ఇంటింటికీ చేరింది. ఈ రోజుకీ అమెరికాలో మన తెలుగువాళ్ల పిల్లలు బడి లైబ్రరీ నుంచి ఈ పుస్తకాలు ఇంటికి తెచ్చుకుంటారు.

కరెంటు లేని, డాక్టరు అందని, పక్కింటి దీపం కూడా కనిపించని ఆ బతుకు ఈనాటి పిల్లల్ని ఎందుకు పట్టి కూర్చోబెడుతోంది? సాహసం వల్ల అంటారు చాలామంది. తోడేళ్లు, కార్చిచ్చు, వరదలో బండి దాటించడం... ఇవన్నీ ఉన్న మాట నిజమే. కానీ సాహసాలున్న పుస్తకాలు లక్షల్లో వచ్చిపోయాయి. ఇవి నిలిచింది పనివల్ల అని నా నమ్మకం.

చేతులు చేసే పని

వెన్న తీసే ఘట్టమే చూడండి. చలికాలంలో మీగడ పాలిపోయి ఉంటుంది, వెన్నకు రంగు రాదు. అందుకని అమ్మ ఓ పాత రేకుగిన్నె అడుగున మేకుతో చిల్లులు పొడిపించుకుంటుంది. ఆ గరుకు వైపున క్యారెట్ కోరి, పాలల్లో కాచి, గుడ్డలో వేసి పిండి, ఆ పసుపుపచ్చ పాలను మీగడ చిలికే జాడీలో పోస్తుంది. పిండగా మిగిలిన క్యారెట్ కోరు పిల్లలది. పెద్దదాన్ని కనుక నాకెక్కువ రావాలని మేరీ, చిన్నదాన్ని కనుక నాకే ఎక్కువని లారా. అమ్మ సగం సగం పంచుతుంది. ఇంత చిన్న ఘట్టంలో వంటింటి యుక్తి ఉంది, అక్కచెల్లెళ్ల పంతం ఉంది, తల్లి తీర్పు ఉంది.

మన ఇళ్లలో ఆవకాయ పెట్టే రోజు పిల్లలకు పండగలా ఉండేది ఇందుకే. ముక్కలు తుడవడమో, జీడి తీయడమో, ఏదో ఒక పని వాళ్ల చేతికీ వచ్చేది. జాడీ నిండాక అందులో తమ వాటా ఉందని వాళ్లకు తెలుసు. లారా పుస్తకాల్లో పిల్లలకు దక్కిన గౌరవం అదే. అక్కడ పిల్లలు అడ్డం కాదు, ఇంటికి కావలసిన మనుషులు.

కాన్సస్ కథ 'లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ' 1935లో వచ్చింది. అందులో సగానికి సగం ఇల్లు కట్టడమే. వాగు ఒడ్డున చెట్లు కొట్టి దుంగలు మోసుకొస్తారు. మూలల దగ్గర ఒకదానిలో ఒకటి కూర్చునేలా గంట్లు పెట్టి పేరుస్తారు. దుంగ జారి అమ్మ చీలమండ బెణుకుతుంది. తలుపుకు మేకులు లేవు, చెక్క చీలలే. ఇనుప బందులు లేవు, తోలు పట్టీలే. లోపలి గడియకు తోలుతాడు కట్టి చిన్న కన్నం లోంచి బయటికి వదులుతారు. పగలు తాడు బయట వేలాడుతుంది, ఎవరైనా లాగి రావచ్చు. రాత్రి దాన్ని లోపలికి లాగేస్తే ఇల్లు మూతపడినట్టే. ఆ తలుపు గురించి ఆమె పేజీలకు పేజీలు రాసింది. విసుగు పుట్టాలి, పుట్టదు. నిన్నటిదాకా తోడేళ్లు గుడ్డతెర ఒక్కటే అడ్డంగా ఉన్న గుమ్మం ముందు తిరిగాయి కాబట్టి, ఆ తలుపు ఎప్పుడు బిగుస్తుందా అని పాఠకుడి ప్రాణం కొట్టుకుంటూ ఉంటుంది. పనిని ఇంత ఉత్కంఠగా చెప్పిన రచయితలు పిల్లల సాహిత్యంలో తక్కువ.

ఈ నేర్పు శిఖరానికి చేరింది 1940 నాటి 'ద లాంగ్ వింటర్'లో. డకోటాలోని డి స్మెట్ అనే కొత్త ఊరు. 1880 అక్టోబరులోనే మంచు తుఫాను మొదలైంది. జనవరిలో ఆగిపోయిన రైళ్లు మే దాకా రాలేదు. ముందు బొగ్గు అయిపోయింది, తర్వాత కిరోసిన్, పిండి, మాంసం. ఎండుగడ్డిని మెలితిప్పి కర్రల్లా బిగించి పొయ్యిలో పెట్టారు. గోధుమల్ని కాఫీ గింజలు పట్టే చేతిమరలో వేసి వంతులవారీగా తిప్పారు. రోజంతా తిప్పితే ఆ రోజు రొట్టెకు సరిపడా పిండి. బయట గాలి, లోపల మర చప్పుడు, అంతకుమించి ఏమీ జరగదు. అయినా పుస్తకం కింద పెట్టలేం. యుద్ధంలో ఓడి ఆకలితో ఉన్న జపాన్‌లో, అమెరికా సైనిక పాలన కాలంలో అనువాదానికి ఎంచుకున్న తొలి పుస్తకాల్లో ఇదొకటి. 1949లో జపనీస్‌లో వచ్చింది. శిథిలాల మధ్య పెరుగుతున్న పిల్లలకు ఆ కాఫీమర కథ ఎంత దగ్గరగా తోచి ఉంటుందో!

ఆమె రాయనివి

ఇంత భద్రంగా కనిపించే ఆ ఇంటి అసలు చరిత్ర వేరు. లారా 1867లో పుట్టింది. ఆమెకు ఓ తమ్ముడుండేవాడు, పేరు ఫ్రెడ్డీ. తొమ్మిది నెలలకే, 1876లో చనిపోయాడు. పుస్తకాల్లో వాడు లేడు. మిడతల దండు పంటలు తినేశాక ఆ కుటుంబం అయోవాలోని బర్ ఓక్ అనే ఊళ్లో ఓ హోటల్లో పని చేసింది. ఆ ఊరూ పుస్తకాల్లో లేదు. ఇంటి బాకీ తీర్చలేక ఓ రాత్రివేళ సామాను సర్దుకుని వెళ్లిపోయిన సంగతి ఆమె పెద్దలకోసం రాసుకున్న 'పయనీర్ గర్ల్'లో ఉంది. ఆ రాతప్రతిని 1930 ప్రాంతంలో ఏ ప్రచురణకర్తా తీసుకోలేదు. చివరికి వివరణలతో సహా 2014లో అచ్చయింది. అక్క మేరీకి చూపు పోవడానికి స్కార్లెట్ జ్వరం కారణమని కథలో ఉంది. మెదడుకు సోకిన వైరస్ వ్యాధి అయి ఉండవచ్చని వైద్యులు 2013లో తేల్చారు. మేరీ అంధుల కాలేజీ ఫీజు కట్టింది డకోటా ప్రభుత్వం. నవలలో మాత్రం అదంతా ఇంటిల్లిపాది కష్టార్జితం.

    

మనసుకు పట్టే సంగతి ఇంకొకటుంది. లారా ఈ పుస్తకాలు రాయడానికి కూర్చున్న కాలం. తల్లి 1924లో పోయింది, మేరీ 1928లో పోయింది. 1929 మార్కెట్ పతనంలో లారా, భర్త ఆల్మాంజో దాచుకున్న డబ్బు పోయింది. అంతకుముందెప్పుడో వాళ్ల పంటలు ఎండిపోయాయి, పేరు పెట్టకుండానే కొడుకు పోయాడు, ఇల్లు కాలిపోయింది. మిస్సోరీలోని పొలంలో ఓ పెద్దావిడ, ఇక తిరిగి రాని మనుషులందరినీ ఒక్క పొయ్యి చుట్టూ కూర్చోబెట్టి నాన్న చేతికి ఫిడేలు ఇచ్చింది. బాకీలను, చావును గుమ్మం బయట ఉంచింది. కూతురు రోజ్ అప్పటికే పేరున్న రచయిత్రి, తల్లి రాతను బాగా సరిదిద్దింది. ఎవరి చెయ్యి ఎంత అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నాకు ఆ లెక్క ముఖ్యం అనిపించదు. ఆ ఇంటి మీది బెంగ మాత్రం లారాదే, రోజ్ ఆ ఇంట్లో పుట్టలేదు.

తలుపు బయటివాళ్లు

బయట ఉంచింది బాకీలను, చావును మాత్రమే అయితే ఈ కథనం ఇక్కడే ముగించవచ్చు. లారా నాన్న చార్ల్స్ ఇంగల్స్ కాన్సస్‌లో ఇల్లు కట్టిన నేల ఒసేజ్ అనే అమెరికా మూలవాసుల తెగది. 160 ఎకరాలు ఇచ్చే 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం దానికి వర్తించదు. 1869, 70ల్లో అలాంటి కుటుంబాలు వేలల్లో వచ్చి చట్టానికి విరుద్ధంగా అక్కడ దిగాయి. ఒసేజ్‌లు వేటకు వెళ్లి వచ్చేసరికి వాళ్ల నేల కొత్తవాళ్ల చేతిలో ఉండేది. చివరికి 1870లో ఆ భూమి అమ్ముకుని, ఇప్పటి ఓక్లహోమా వైపు వాళ్లే తరలిపోయారు.

పుస్తకంలో ఒసేజ్‌లు భయపెట్టే నీడలుగానో, ఒకరిద్దరు మంచివాళ్లుగానో వస్తారు. అమ్మకు వాళ్లంటే ద్వేషం, దాచుకోదు. ఆ ప్రాంతంలో మనుషులే లేరని, 'ఇండియన్లు' (అక్కడి మూలవాసులు) మాత్రమే ఉండేవారని చెప్పే ఓ వాక్యం మొదటి ముద్రణలో ఉండేది. పాఠకుల ఫిర్యాదు మీద 1953 ముద్రణలో దాన్ని సరిచేశారు. అంటే రాసినవారికీ, అచ్చువేసినవారికీ దాదాపు ఇరవై ఏళ్లపాటు ఆ తప్పు కంటికే ఆనలేదు. ఆ కుటుంబానికి చలిజ్వరం వచ్చి అందరూ మంచాన పడితే బతికించినవాడు జార్జ్ టాన్ అనే నల్లజాతి వైద్యుడు. ఆయన నిజంగా ఉన్న మనిషి. అయినా తర్వాతి పుస్తకాల్లో ఒకదానిలో నాన్న, ఊరివాళ్లు ముఖాలకు మసి పూసుకుని నల్లవాళ్లను అనుకరించే ఆటను లారా సరదాగా వర్ణించింది.

అమెరికాలోని బాలల గ్రంథాలయ సేవల సంఘం 1954 నుంచి లారా పేరు మీద ఇస్తున్న పురస్కారానికి 2018లో పేరు మార్చింది. అభిమానులు బాధపడ్డారు. నాకు ఆ నిర్ణయం సబబుగానే తోచింది. ఓ ఒసేజ్ పిల్లో, డకోటా తెగ పిల్లో రచయిత్రిగా ఎదిగి ఆ పేరున్న పతకం మెడలో వేసుకోవాలంటే ఎలా ఉంటుంది? కానీ పుస్తకాలను అరలోంచి తీసేయాలంటే మాత్రం ఒప్పుకోను. ఆ కాన్సస్ పుస్తకంలోనే ఓ ఘట్టం ఉంది. ఇది ఇండియన్ల నేల కదా నాన్నా, వాళ్లను వెళ్లగొడితే కోపం రాదా అన్న అర్థంలో లారా అడుగుతుంది. ఇక ప్రశ్నలు చాలు, నిద్రపొమ్మంటాడు నాన్న. అరవై ఏళ్ల తర్వాత రాస్తూ కూడా లారా ఆ ప్రశ్నను కొట్టేయలేదు, దానికి జవాబూ ఇవ్వలేదు. పక్కన కూర్చుని చదివించే పెద్దవాళ్లు ఆగవలసిన చోటు అదే.

జవాబులు వేరే పుస్తకాల్లో ఉన్నాయి. ఓజిబ్వే తెగ మూలాలున్న లూయీస్ ఎర్డ్రిక్ 1999లో 'ద బర్చ్‌బార్క్ హౌస్' రాసింది. 1847లో సుపీరియర్ సరస్సులోని ఓ దీవిలో ఒమకయాస్ అనే ఏడేళ్ల పిల్ల కథ. అక్కడా అమ్మమ్మలు, చిన్నపిల్లలు, తోలు మెత్తబరచే పని, మేపుల్ చక్కెర పాకం, రుతువును బట్టి మార్చే నివాసాలు. భూర్జపత్రాలతో ఇల్లు కట్టే పని కూడా ఉంది. లారాలో మనల్ని కట్టిపడేసిన సుఖమంతా ఇక్కడా ఉంది. తేడా ఏమిటంటే ఈ ఇంటికి మశూచి బయటి మనిషి వెంట వస్తుంది. కొరియన్ అమెరికన్ రచయిత్రి లిండా స్యూ పార్క్ చిన్నప్పుడు లారా పుస్తకాలంటే ప్రాణం పెట్టింది. 2020లో ఆమె 'ప్రెయిరీ లోటస్' రాసింది. 1880 నాటి డకోటాలో, చైనా తల్లికి పుట్టిన హన్నా అనే అమ్మాయి కథ. ఇష్టమైన పుస్తకంతో తగువు పెట్టుకోవాలంటే ఇంకో మంచి పుస్తకం రాయడం కంటే గొప్ప పద్ధతి నాకు తెలియదు.

మన బండ్లు

కొత్త నేల వెతుక్కుంటూ వెళ్లిన కుటుంబాలు మనకూ ఉన్నాయి. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు బోధన్, బాన్సువాడ వైపు తరలారు. 1953లో తుంగభద్ర డ్యాం నిండాక గంగావతి, సింధనూరు, సిరుగుప్ప చుట్టుపక్కల దిగారు. చిల్లచెట్లు కొట్టి, నేల చదును చేసి, కాలవ నీళ్లు మళ్లించి వరి పండించారు. వాళ్లు దిగిన చోట్లను ఈ రోజుకీ క్యాంపులనే పిలుస్తారు. మొదటి గుడిసె ఎలా వేశారు, పాములున్న చోట పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టారు, కన్నడం రాకుండా ఆ ఊళ్లో ఉప్పు ఎలా అడిగి తెచ్చుకున్నారు... ఇవన్నీ చూసిన పిల్లలు ఇప్పుడు అమ్మమ్మలు, తాతయ్యలు.

ఎనిమిదేళ్ల పిల్ల చదివే పుస్తకంగా ఈ కథ రావాలని నాకు గట్టి కోరిక. లారా తొలి పుస్తకం నాటి వయసును మించినవాళ్లు క్యాంపు క్యాంపునా ఉన్నారు. మనవరాళ్లు పక్కన కూర్చుని రాసుకున్నా చాలు. గడ్డపార ఎలా పట్టారో, గట్టు ఎలా వేశారో, రాత్రి కాలవ మీద ఎవరు కాపలా కాశారో అన్నీ అందులో ఉండాలి. నీళ్లు వస్తాయన్న నమ్మకం లేక మెట్టచేను చవగ్గా అమ్ముకుని వెళ్లిన రైతు ఎవరు, అతని పిల్లలు తర్వాత ఎవరి పొలంలో పని చేశారు అని ఆ మనవరాలు అడిగితే, దానికి తాతయ్య చెప్పే జవాబు కూడా.